అత్తయ్య లెక్కపెట్టిన పాట

మాది ఉప్పాడ అని చెప్పగానే ఆడవాళ్ళు అడిగేది ఒకటే: "మగ్గం దగ్గరే కొంటే చీర ఎంత తగ్గుతుందండీ?" మగవాళ్ళయితే సముద్రం ఇంకెంత లోపలికి వచ్చిందని అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మా ఊరికి పేరు తెచ్చింది జాందానీ చీర, వార్తల్లోకి తెచ్చింది సముద్రపు కోత. తుఫాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు ఎక్కడో ఒకచోట తెగుతుంది, మేం పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్తాం.

ఈ రెండూ కాక మా వైపు మూడోది ఒకటి ఉందని, నేను కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్ళకి తెలిసింది. అది సంగీతం. సినిమా పాటలు కాదు, కచేరీల్లో పాడే సంగీతం. నాకు రాగాలూ తాళాలూ ఏమీ రావు. ఇప్పటికీ విద్వాంసురాలినైపోలేదు. వినడం మాత్రం మొదలుపెట్టాను. ఆ మొదలుపెట్టడం వెనక మా అత్తయ్య ఉంది కాబట్టి ముందు ఆవిడ గురించి చెప్పాలి.

జాందానీ చీర ఒక్కరు కూర్చుని నేసేది కాదు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. నాడె ఒకసారి అడ్డంగా వెళ్ళి వచ్చాక, బుటా పడాల్సిన చోటల్లా చిన్న చిన్న కండెలతో జరీ పోగుని చేత్తో దూర్చి తిప్పాలి. గళ్ళ కాగితం మీద గీసిన డిజైను చూసుకుంటూ ఇక్కడ మూడు పోగులు, అక్కడ అయిదు పోగులు అని లెక్కపెట్టుకోవాలి. ఒక్క పోగు తప్పితే ఆకు కాస్తా పువ్వు మీదకి ఎక్కేస్తుంది. అంత కష్టపడితేనే చీరకి ముందువైపు, వెనకవైపు అన్న తేడా లేకుండా వస్తుంది. 2009లో మా చీరకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఈ పనితనానికే.

మా అత్తయ్య నలభై అయిదేళ్ళు ఆ మగ్గం మీద కూర్చుంది. మావయ్యగారి పక్కన ముప్ఫై ఏళ్ళు, ఆయన పోయాక మా ఆయన పక్కన పదిహేనేళ్ళు. కళ్ళు మసకేస్తున్నాయంటే వయసుకి మామూలేలే అనుకుంది. డాక్టరుగారు చూసి నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలన్నారు. మనుషుల నీడలు తెలుస్తాయి, గుమ్మం ఎక్కడుందో తెలుస్తుంది. పోగు మాత్రం కనిపించదు.

ఆ రోజు నుంచి మగ్గం మీద ఆవిడ చోట్లో నేను కూర్చుంటున్నాను. పిల్లలిద్దరూ చదువులకి హాస్టళ్ళకి వెళ్ళిపోయారు కాబట్టి నాకూ మధ్యాహ్నాలు ఖాళీయే. అత్తయ్య మాత్రం వసారాలో మంచం మీద కూర్చుని, నాడె చప్పుడు వింటూ ఉండేది. టీవీ పెడితే, "మొహాలు అవుపించకుండా ఆళ్ళ అరుపులు నాకెందుకు?" అని కట్టేయమనేది. ఎప్పుడైనా మా నాడె లయ తప్పితే అక్కడి నుంచే, "పోగు తెగింది చూడు" అనేది. చూస్తే నిజంగానే తెగి ఉండేది. చెప్పి ఊరుకునేది కాదు. "కళ్ళు పోయాక ఇంక నేనెందుకే అమ్మాయీ, తిండి దండగ" అనేది. ఆ మాట రోజుకి నాలుగుసార్లు వినడం ఎంత కష్టమో, ఇంట్లో పెద్దవాళ్ళున్న మీకు చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు చేతిలో పట్టేంత స్పీకరు ఒకటి కొనుక్కొచ్చింది. ఫోనుకి కలిపి నాయనమ్మకి దేవుడి పాటలు పెట్టమంది. అలా మా ఇంట్లో అన్నమయ్య పాటలు మొదలయ్యాయి. చిన్నప్పుడు మా పుట్టింట్లో పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వచ్చేది. అప్పుడు అది నాకు పాట కాదు, బడికి టైమయిందని చెప్పే గంట. ఇప్పుడూ అంతే, స్పీకరు తన దారిన తను పాడేది, మేం మా పని చేసుకునేవాళ్ళం. చెవిన పడేది, లోపలికి వెళ్ళేది కాదు.

ఒక రోజు పిఠాపురం నుంచి ఒక టీచరుగారు చీర చూడటానికి వచ్చారు. పిల్లలకి సంగీతం చెప్పి రిటైరయిన ఆవిడ. కోడలికి సీమంతం చీర కావాలట. చీరలు విప్పి చూపిస్తుంటే స్పీకరులో ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి గొంతులో "నానాటి బతుకు" వస్తోంది. ఆవిడ చీర పక్కన పెట్టి కళ్ళు మూసుకుని పాటంతా విన్నారు. బేరానికి వచ్చిన మనిషి అలా కూర్చుంటే మాకు కొంచెం కంగారు. పాట అయ్యాక అడిగారు: "ఈ పాటకి వరస కట్టింది ఎవరో తెలుసా అమ్మా?"

అన్నమయ్యే కదండీ అన్నాను.

"మాట అన్నమయ్యది. వరస మీ పక్క ఊరాయనది" అన్నారు ఆవిడ.

అప్పుడు చెప్పారు నేదునూరి కృష్ణమూర్తిగారి గురించి. 1927లో పిఠాపురం తాలూకా కొత్తపల్లిలో పుట్టారట. మా మండలం పేరే ఉప్పాడ కొత్తపల్లి! రేషను కార్డు పని పడితే మేం వెళ్ళేది ఆ కొత్తపల్లికే. 1940లో, పదమూడేళ్ళ వయసులో విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో చేరి ద్వారం నరసింగరావు నాయుడుగారి దగ్గర నేర్చుకున్నారు. తరవాత శ్రీపాద పినాకపాణిగారి దగ్గర పాటకి మెరుగు దిద్దుకున్నారు. పినాకపాణిగారు వృత్తికి వైద్యులు. పగలు రోగులని చూస్తూ, సంగీతంలో అంతమందిని తయారుచేశారు. మద్రాసు సంగీత అకాడమీ వాళ్ళు 1991లో నేదునూరిగారికి సంగీత కళానిధి ఇచ్చారు. 2014 డిసెంబరులో విశాఖపట్నంలో పోయారు. అన్నమయ్య కీర్తనలు వందకి పైగా ఆయన స్వరపరిచినవే.

"స్వరపరచడమేంటండీ? అన్నమయ్య పాటలకి అప్పుడే వరస ఉంటుంది కదా" అని అడిగాను. ఆ ప్రశ్న ఆవిడకి నచ్చినట్టుంది, చాప మీద సర్దుకుని కూర్చున్నారు. అన్నమయ్య అయిదొందల ఏళ్ళ కిందటివాడు. ఆయన పాటలు రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో దాచారు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, ఏ రాగమో పేరుంది. ఎలా పాడాలో మాత్రం లేదు. అందుకని ఈ కాలపు విద్వాంసులు మళ్ళీ కూర్చుని ఒక్కో పాటకీ వరస కట్టారు.

వసారాలోంచి అత్తయ్య మాట వచ్చింది. "అంటే చీర పేరుంది, కాగితం పోయిందన్నమాట. మళ్ళీ గళ్ళు గీసుకున్నారు."

టీచరుగారు నవ్వి, "అంతే వదినగారూ. అంతకన్నా బాగా నేను మా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు.

ఆ ఒక్క మాటకి అత్తయ్య మంచం దిగి తడుముకుంటూ లోపలికి వచ్చి మా మధ్యలో కూర్చుంది. చాలా నెలల తరవాత తనంతట తను వచ్చి కూర్చోవడం అదే.

వెళ్ళేముందు టీచరుగారు మాకొక చిట్కా చెప్పారు. రోజుకో కొత్త పాట పెట్టొద్దు, ఒక్క పాటే పది రోజులు వినండి అన్నారు. తాళం వెయ్యడం కూడా చూపించారు. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, ఆ వెనకే చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. అక్కడికి నాలుగు. తరవాత దెబ్బ కొట్టి చెయ్యి తిప్పడం, మళ్ళీ దెబ్బ కొట్టి తిప్పడం. అక్కడికి ఎనిమిది. పాట ఎన్ని వంపులు తిరిగినా, ఈ ఎనిమిది మళ్ళీ మొదటికి వచ్చేసరికి లెక్కలో దొరకాలి.

చేతికి వెయ్యబోతే నాకు రెండో వరసకే తప్పేది. కూర మాడుతుందేమోనని ఒక చెవి వంటింట్లో ఉండేది. అత్తయ్యకి మూడో రోజుకే వచ్చేసింది. తొడ మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని, గడియారంలా వేసేది. ఆలోచిస్తే వింతేముంది? నలభై అయిదేళ్ళు కాళ్ళతో ఒక లయ, చేతులతో ఒక లెక్క నడిపిన మనిషి. కళ్ళు పోయినా ఆ లెక్క ఎక్కడికీ పోలేదు.

పది రోజులు ఒకే పాట వింటే విసుగొస్తుందనుకుంటాం. రాదండి. మొదటి రెండు రోజులు మాటలు వింటాం. మూడో రోజుకి మాటలు కంఠతా వచ్చేస్తాయి, చెవి ఖాళీ అవుతుంది. అప్పుడు వెనకాల ఫిడేలు వినిపిస్తుంది. పాడేవాళ్ళు వదిలిన చివరని ఫిడేలు ఎలా అందుకుంటుందో తెలుస్తుంది. అన్నిటికీ అడుగున తంబురా ఒకటి ఆగకుండా మోగుతూ ఉంటుంది. అది ఉందని నాకు అయిదో రోజుకి గానీ తెలియలేదు. తెలిశాక, అది లేకపోతే పాట నిలబడదనిపించింది. పడుగు లేకుండా బుటా ఎక్కడ వేస్తాం?

తరవాత వెళ్ళింది త్యాగరాజు దగ్గరికి. త్యాగరాజంటే మనందరికీ పేరు తెలుసు. తమిళనాడులో తిరువయ్యారులో ఉన్నాడనీ తెలుసు. 1767లో పుట్టి 1847లో పోయిన ఆ మహానుభావుడు అక్కడ కావేరి ఒడ్డున కూర్చుని పాడినదంతా దాదాపు తెలుగులోనే. తెలుగు రాని పిల్లలు మద్రాసులోనూ, కేరళలోనూ, అమెరికాలోనూ ఆ తెలుగు మాటలు అక్షరం అక్షరం నేర్చుకుని పాడుతున్నారు. మనకి నేర్చుకోవాల్సిన అవసరం లేదు, ఇంటి భాష. ఆయన రాముడితో పోట్లాడతాడు, అలుగుతాడు, నిలదీస్తాడు, బతిమాలతాడు. ఆ మాట తీరు మన ఇళ్ళలో మాట తీరే.

మా ఇంట్లో అందరికీ ముందుగా నచ్చింది ఆయన "నౌకా చరిత్రం". అదొక కథ, నాటకంలా పాటలతో నడుస్తుంది. గోపికలు కృష్ణుడిని ఎక్కించుకుని యమునలో ఓడ విహారానికి వెళ్తారు. మా అందం చూసే కృష్ణుడు మా వెంట తిరుగుతున్నాడని గర్వపడతారు. ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది, ఓడకి చిల్లు పడుతుంది. మీ చీరలు తీసి చిల్లుకి కుక్కండి అంటాడు కృష్ణుడు. ఓడా చీరా రెండే బతుకుతెరువులైన ఊళ్ళో ఈ కథ చెబితే ఎలా ఉంటుందో ఊహించండి. మా ఇంటి వెనక వీధంతా వేటకి వెళ్ళేవాళ్ళే. చిల్లు పడిన పడవంటే వాళ్ళకి కథ కాదు. అత్తయ్య మాత్రం ఇంకోవైపు నుంచి చూసింది. "చిల్లులో చీర కుక్కమంటాడా! నేసినోళ్ళకి తెలుత్తాది ఆ బాధ" అంది. అందులోదే "ఓడను జరిపే" అన్న పాట సారంగ రాగంలో ఉంటుంది. తెడ్డు వేసినట్టే సాగుతుంది. వినండి.

రాగం అంటే ఏంటో నాకు అర్థమైంది కూడా ఒక పడవ పాటతోనే. "మాయాబజార్" సినిమా వచ్చి (1957) ఎన్నేళ్ళయినా, వెన్నెల్లో పడవ అనగానే "లాహిరి లాహిరి" గుర్తొస్తుంది కదా. అది మోహన రాగం. అందులో అయిదే స్వరాలు: స రి గ ప ద. మ, ని ఉండవు. త్యాగరాజు "నను పాలింప" కూడా మోహనే. సంగీతం నేర్చుకునే పిల్లలకి మొదట్లోనే చెప్పే "వరవీణా" గీతమూ మోహనే. ఈ మూడూ ఒకదాని తరవాత ఒకటి వినమన్నారు టీచరుగారు. విన్నాం. మాటలు వేరు, నడక వేరు. అయినా ముగ్గురూ అక్కచెల్లెళ్ళని తెలిసిపోతుంది, ముక్కు తీరు చూసి పోల్చుకున్నట్టు.

మళ్ళీ "నానాటి బతుకు" దగ్గరికొస్తే అది రేవతి రాగం. అందులోనూ అయిదే స్వరాలు: స రి మ ప ని. ఇక్కడ గ, ద ఉండవు. అయిదుకి అయిదే, కానీ మోహన వింటే పెళ్ళి పందిట్లో ఉన్నట్టుంటుంది, రేవతి వింటే పొద్దుగూకేవేళ ఒక్కళ్ళం సముద్రం ఒడ్డున నిలబడినట్టుంటుంది. మన రోజువారీ బతుకంతా ఒక ఆట అని చెప్పే పాటకి నేదునూరిగారు ఆ రాగాన్ని ఎంచుకున్నారు. మా ఊళ్ళో నిలబడి వింటే ఆ పాటకి ఇంకో అర్థం వస్తుంది. నేను కాపరానికొచ్చినప్పుడు అలలకి దూరంగా ఉన్న ఇళ్ళు ఇప్పుడు లేవు. ఆ ఇళ్ళలో ముగ్గులు పెట్టిన ఆడవాళ్ళని నేనెరుగుదును.

ఇదంతా చదివి, "బాగానే ఉందమ్మా, కానీ అది మనలాంటి వాళ్ళకి కాదు" అనేవాళ్ళు ఉంటారు. మా వీధిలోనూ అన్నారు. పక్కింటావిడ నవ్వుతూనే, "ఏటి, కచేరీలు పెడతారా ఇంక మీ ఇంట్లో?" అంది. ఆ సంగీతం ఎవరో చదువుకున్నవాళ్ళదని, పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చునేవాళ్ళదని మన మనసులో ఒక గీత ఉంటుంది. ఆ గీత మనం ఊరికే గీసుకున్నది కాదు, చాలాకాలం నిజంగానే ఉంది. ఆడవాళ్ళకయితే మరీనూ.

బెంగుళూరు నాగరత్నమ్మ గురించి మీరు వినే ఉంటారు. దేవదాసి కులంలో పుట్టి, మద్రాసులో గాయనిగా పేరూ డబ్బూ సంపాదించిన ఆవిడ, త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని తెలిసి 1920లలో తన సొమ్ముతో అక్కడ గుడి కట్టించింది. ఆ గుడి ముందు ఏటా జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి మాత్రం అప్పటి పెద్దలు ఒప్పుకోలేదు. గుడి కట్టించిన మనిషికే పాడే చోటు లేదు! ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్ళందరినీ కూడగట్టి విడిగా ఆరాధన మొదలుపెట్టింది. 1940 ప్రాంతానికి ఆ జట్లన్నీ కలిసిపోయాయి. ఇవాళ ఆ ఆరాధనలో వందలమంది ఆడామగా కలిసి పంచరత్న కీర్తనలు పాడుతుంటే టీవీలో చూస్తున్నామంటే, దాని వెనక ఆవిడ పట్టుదల ఉంది. మన చోటు కాదన్న దగ్గర చాప వేసుకుని కూర్చున్నవాళ్ళు మనకన్నా ముందే ఉన్నారండి.

పైగా మన గోదావరి వాళ్ళకి ఇది పరాయిది ఎలా అవుతుంది? పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు వీణ వాయించేవారు. రవీంద్రనాథ్ ఠాగూరు పిఠాపురం వచ్చినప్పుడు ఆ వీణ విని ముగ్ధులై, ఆయన్ని శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. వీణ ఈమని శంకరశాస్త్రిగారిది ద్రాక్షారామం. ఆయన శిష్యుడు, వీణ మీద కోయిలని కూయించిన చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో పుట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిది కోనసీమలో శంకరగుప్తం. ఆయన తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు, ఆయన పసిగుడ్డుగా ఉండగానే పోయారు. ఆ తల్లి వాయించిన వీణ మనకి వినే రాత లేదు, ఆవిడ కొడుకు పాట మాత్రం దేశమంతా విన్నది. కాకినాడ సరస్వతీ గానసభకి వందేళ్ళు దాటాయి. ఇవన్నీ మేం బస్సెక్కి పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చే ఊళ్ళు.

కిందటి దసరాకి కాకినాడలో కచేరీ ఉందని టీచరుగారు ఫోను చేశారు. టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. పండగ ముందు ఆర్డర్లు నిండుగా ఉన్నాయి, ఒక పూట మగ్గం ఆగితే లెక్క తప్పుతుందని మా ఆయన గొణిగారు. ఆయన బాధ ఆయనది, షావుకారుకి చీర చెప్పిన రోజుకి ఇవ్వాలి. అత్తయ్య ఒకటే మాట అంది. "నలభై అయిదేళ్ళలో పనికి నేను నాగా పెట్టింది ఎన్ని రోజులో నువ్వే లెక్కెట్టి చెప్పరా." మా ఆయన ఇంకేం మాట్లాడకుండా ఆటో పిలిచారు.

హాల్లోకి వెళ్ళేటప్పుడు నాకు భయమే వేసింది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు లేవాలో తెలియదు. మధ్య వరసలో గోడ పక్కగా కూర్చున్నాం. అత్తయ్య పక్క కుర్చీలో ఒకావిడ ఉన్నారు. ఆవిడ పైట చెంగు అత్తయ్య చేతికి తగిలింది. అత్తయ్య వేళ్ళు ఆ కొంగుని పట్టుకుని బుటా వెనకవైపు తడిమాయి. "మన నేతే" అంది నాతో, నెమ్మదిగానే అన్నాననుకుని. ఆవిడ ఇటు తిరిగి, "అవునండీ, ఉప్పాడే. మీకెలా తెలిసింది?" అన్నారు. నేసే చెయ్యి అది అని చెప్పాను. కచేరీ మొదలయ్యేదాకా ఆవిడ అత్తయ్య చెయ్యి వదల్లేదు.

కచేరీలో మొదట వర్ణం పాడారు, తరవాత వినాయకుడి కీర్తన. ఆ తరవాత గాయని మాటలేం లేకుండా ఒక రాగం అందుకున్నారు. ఆలాపన అంటారట. నేను ఇంకా తడుముకుంటున్నాను, అత్తయ్య నా మోచేతి మీద తట్టింది. "పడవ పాట."

లాహిరి అంటోంది. మోహన. నిజంగానే మోహన! గాయని "నను పాలింప" ఎత్తుకోగానే నాకు ఒళ్ళు పులకరించింది. పాట వల్ల కొంత, అత్తయ్య వల్ల ఎక్కువ. హాల్లో చాలామంది కన్నా ముందు ఆ రాగాన్ని పట్టింది, బడి మొహం చూడని, కళ్ళు కనిపించని మా అత్తయ్య.

పల్లవిలో ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ కొంచెం మార్చి పాడతారు. ఆ మార్పుల్ని సంగతులంటారు. కొత్తలో ఎవరికైనా అనిపించేది, అన్న మాటే ఎన్నిసార్లంటారు అని. కానీ ఒక్కో సంగతీ ముందు దానికన్నా కాస్త ఎక్కువ పరుచుకుంటుంది. మొదట మొగ్గ, తరవాత రేకు, తరవాత తీగ. మాట మారదు, మాట అర్థం మారుతూ ఉంటుంది. మనం "వస్తానన్నావుగా" అన్న ఒక్క మాటని కోపంగా, దిగులుగా, ఆశగా అనమా? అలాగే. తరవాత మృదంగం, ఘటం ఒంటరిగా వాయించారు. దాన్ని తని ఆవర్తనం అంటారు. చాలామంది ఆ టైములో కాఫీకి లేచారు. అత్తయ్య కదల్లేదు. తొడ మీద తాళం వేస్తూనే ఉంది. ఎక్కడెక్కడో తిరిగిన దెబ్బలన్నీ చివర్లో మొదటి లెక్క మీదకి వచ్చి పడినప్పుడు, ఆవిడ చెయ్యి కూడా సరిగ్గా అక్కడే పడింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడకి ఒకటే అసంతృప్తి. "మన కొత్తపల్లి ఆయన పాట ఒక్కటైనా పాడలేదేటి?"

ఇదంతా చెప్పి, సంగీతం వల్ల మా అత్తయ్యకి చూపు వచ్చిందనో, మా ఇంట్లో కష్టాలు తీరాయనో అనను. చుక్కల మందు వేస్తూనే ఉన్నాం. మోకాళ్ళ నొప్పులున్నాయి, విసుగుంది, నా మీద కేకలున్నాయి. కానీ "తిండి దండగ" అన్న మాట మా ఇంట్లో వినపడి చాలా నెలలైంది.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి నాకు పనికొచ్చినవి చెబుతాను. ఒకటి, తెలిసిన సినిమా పాట నుంచి వెళ్ళండి. అది ఏ రాగమో కనుక్కుని, అదే రాగంలో ఒక కీర్తన వెతుక్కోండి. రెండు, ఒక్క పాటనే పది రోజులు వినండి. వీలైతే అదే పాటని ఇద్దరు ముగ్గురి గొంతుల్లో వినండి, ఎవరెక్కడ తిప్పారో తెలుస్తుంది. మూడు, పని చేసుకుంటూ విన్నా పర్వాలేదు, రోజులో ఒక్కసారి మాత్రం చేతిలో పని లేకుండా కూర్చుని వినండి. మన కోసం మనం పది నిమిషాలు కూర్చోవడం కూడా మనకి కొత్తే కదా. నాలుగు, పేర్లు తెలియలేదని జంకొద్దు. పేర్లు మెల్లగా వస్తాయి. అయిదు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. దంచినవాళ్ళు, విసిరినవాళ్ళు, నాట్లు వేసినవాళ్ళు, నేసినవాళ్ళు, వాళ్ళ చేతుల్లో ఏ లయ ఉందో మనకి తెలియదు.

నిన్న మధ్యాహ్నం మగ్గం మీద నుంచి నేను కొత్త కీర్తన పెట్టాను. పాట అయిపోయాక, "పల్లవిలో ఆరు సంగతులు వేశారు అత్తయ్యా" అన్నాను, కాస్త గొప్పగానే.

వసారాలోంచి జవాబు వచ్చింది. "ఏడు. నువ్వు నాడె తిప్పుకుంటూ అయిదోది వదిలేశావు. మళ్ళీ పెట్టు."